కంపన నిర్ధారణ సంఘం

ఉప్పు నాణ్యతా మండలి అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. ఉంది. దాని ప్రాంతీయ కార్యాలయం ఒంగోలులో ఉంది. పద్దెనిమిది మంది ఉద్యోగులం, ఒక కారు. నేను సీనియర్ అసిస్టెంటును. కుర్చీలు, ఫ్యాన్లు, కారు, కారు డ్రైవరు నా సీటు కిందికి వస్తాయి.

కారు వయసు పద్నాలుగేళ్ళు. డ్రైవర్ అంకమరావు సర్వీసు ముప్పై ఒక్క ఏళ్ళు. రిటైర్మెంటు ఎనిమిది నెలలుందనగా ఒక సోమవారం పొద్దున అతను నా బల్ల దగ్గరికి వచ్చి, హైవే ఎక్కితే కారు వణుకుతోందని చెప్పాడు. ఎప్పుడు వణుకుతోందని అడిగాను.

"ఎనభై దాటితే సార్. స్టీరింగు పట్టుకుంటే మోచేతుల దాకా వస్తంది. వంద దగ్గిర మళ్ళీ కాస్త తగ్గిద్ది. సీటు వణకట్లా, కాబట్టి వెనక చక్రాలు కాదు. బ్రేకు తొక్కితే ఎక్కువ కావట్లా, కాబట్టి బ్రేకులు కాదు. ముందు ఎడమ చక్రం."

రెండు వారాల కిందట చినగంజాం ఉప్పు కొఠార్లకు వెళ్ళేటప్పుడు ఆ చక్రం గుంటలో పడిందట. చక్రం అన్ని వైపులా సమంగా బరువు తూగడానికి అంచుకు చిన్న సీసం ముక్క తగిలిస్తారు. అది రాలిపోయింది. కర్నూలు రోడ్డులో సలోమి అనే ఆవిడకు టైర్ల కొట్టు ఉంది. అక్కడ మిషను మీద చక్రం తిప్పి కొత్త ముక్క బిగిస్తే పావుగంట పని.

జబ్బూ, కారణమూ, మందూ ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాణ్ణి మా ఆఫీసులో నేను అంతకు ముందు చూడలేదు. అందుకే జరగబోయేది ఊహించలేకపోయాను. ఏ మరమ్మతుకైనా రాతపూర్వకంగా నివేదిక కావాలి గనుక రాసివ్వమన్నాను. అతను గుండ్రటి అక్షరాలతో, "ఎనభై కిలోమీటర్లు దాటినప్పుడు స్టీరింగు వణుకుచున్నది" అని రాసి సంతకం పెట్టాడు. నేను దాన్ని ఫైల్లో పెట్టి డైరెక్టరు గారికి పంపాను.

మా ప్రాంతీయ డైరెక్టరు కామాక్షయ్య గారు మంచివారు. ఎవరి మీదా కేకలు వెయ్యరు. ఎవరి దగ్గరా ఏమీ ఆశించరు. చేతికొచ్చిన కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా, అడుగున అచ్చాఫీసు పేరుతో సహా చదువుతారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సాయంత్రం ఫైలు తిరిగొచ్చింది. అందులో ఆయన ఇలా రాశారు: "మండలి వాహన నిబంధన పద్నాలుగు ప్రకారం మండలి డ్రైవరు వాహనమును గంటకు అరవై కిలోమీటర్లకు మించి నడపరాదు. అట్టి స్థితిలో ఎనభై దాటినచో ఏమి జరుగునో ఈ డ్రైవరుకు ఎట్లు తెలిసినది? సంజాయిషీ కోరవలెను."

నేను లోపలికి వెళ్ళి, అయ్యా, ఆ ప్రయాణాల్లో తమరు కూడా వెనక సీట్లో ఉన్నారు కదా, మీటింగుకు ఆలస్యమవుతోంది తొందరగా పోనివ్వమని తమరే అన్నారట కదా అని, ఎంత మెత్తగా అనవచ్చో అంత మెత్తగా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ప్రయాణంలో తాను ఫైళ్ళు చూసుకుంటాననీ, వేగం తన విధుల్లోకి రాదనీ చెప్పారు.

మెమో అందుకున్న అంకమరావు దాన్ని రెండుసార్లు చదివాడు. నేనతన్ని వరండాలోకి తీసుకెళ్ళి ఉపాయం చెప్పాను. అరవైలో కూడా వణుకుతోందని రాసివ్వు, పొరపాటున ఎనభై అని పడిందను, రేపే సలోమి దగ్గరికి పంపిస్తాను. 

"అరవైలో వణకదు సార్," అన్నాడు అంకమరావు. "లేంది ఎట్టా రాసేది?"

సంజాయిషీలో మళ్ళీ ఎనభై అనే రాశాడు. దాంతో విషయం పెద్దదైపోయింది. కామాక్షయ్య గారు చెప్పింది నిజానికి చాలా సరళం. కంపనం ఉన్నట్టయితే డ్రైవరు నిబంధన మీరాడు. లేనట్టయితే డ్రైవరు అబద్ధమాడాడు. రెండూ శిక్షార్హమైన నేరాలే. కాని ఏ నేరమో తేలకుండా శిక్ష వెయ్యడం అన్యాయం. తాను అన్యాయం చెయ్యలేరు. కనుక ముందు కంపనం ఉన్నదో లేదో తేల్చాలి. అలా కంపన నిర్ధారణ సంఘం పుట్టింది. డాక్టర్ పరాంకుశం గారు అధ్యక్షులు. నేను కార్యదర్శిని.

పరాంకుశం గారు మా మండలిలో శాస్త్రవేత్త. వానాకాలంలో ఉప్పు ఎందుకు గడ్డ కడుతుందన్న విషయం మీద డాక్టరేటు తీసుకున్నారు. కారుకు సంబంధించి అంతకంటే దగ్గరి పరిజ్ఞానం ఉన్నవారు మాలో లేరు.

మొదటి పరీక్ష ఆఫీసు ఆవరణలోనే జరిగింది. ఇంజను ఆన్ చేసి, బానెట్ మీద అంచుదాకా టీ పోసిన గ్లాసు పెట్టారు. అరగంట సేపు సంఘం దాని చుట్టూ నిలబడింది. టీ ఒలకలేదు. చల్లారింది. "నిశ్చల స్థితిలో కంపనము గోచరించలేదు" అని నేను నమోదు చేశాను.

రెండో పరీక్ష హైవే మీద. అరవై మీద మేదరమెట్ల దాకా వెళ్ళి వచ్చాం. బస్సులు, లారీలు, పెళ్ళివారి ట్రాక్టరు ఒకటీ మమ్మల్ని దాటిపోయాయి. ట్రాక్టరులోవాళ్ళు మాకు చేతులూపారు. కంపనం లేదు.

అసలు వేగంలో చూడనిదే ఎలా తేలుతుందని అంకమరావు అడిగాడు. ప్రశ్న న్యాయమైనదేనని పరాంకుశం గారు ఒప్పుకుని, ఒక్కసారి ఎనభై మీద నడపడానికి అనుమతి కోరుతూ విజయవాడలోని ప్రధాన కార్యాలయానికి రాశారు. పదిహేను రోజులకు జవాబొచ్చింది. అనుమతి ఇవ్వడమైనది. అయితే ఎనభై మీద నడపబోయే వాహనములో ఎట్టి కంపనమూ లేదని ముందుగా ధ్రువపత్రము జతపరచవలెను.

ఈలోగా అంకమరావు ఒకరోజు నన్ను కారు దగ్గరికి పిలిచి, ఎడమ చక్రం లోపలి వైపు చెయ్యి పెట్టి చూడమన్నాడు. టైరు అక్కడక్కడ గిన్నెల్లా అరిగిపోయింది. ఒకచోట లోపలి తీగ వేలికి తగిలింది.

"ఇది పేలిద్ది సార్. ఇయ్యాలో రేపో చెప్పలేను గానీ, పేలిద్ది. నా చేతి ఖర్చుతో మార్పిస్తా, ఆ ఒక్క చక్రం."

నేను డైరెక్టరు గారిని అడిగాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. కాని విచారణలో ఉన్న వాహనం చక్రం మార్చడమంటే సాక్ష్యాన్ని మార్చడమే అవుతుందన్నారు. ఆ మాటే రాసి, కారులో ఏ భాగాన్నీ ఎవరూ తాకరాదని ఉత్తర్వు ఇచ్చారు. స్టీరింగును మాత్రం విధి నిర్వహణలో తాకవచ్చునని పరాంకుశం గారి సలహా మీద ఒక వాక్యం చేర్చారు.

నిపుణురాలిగా సలోమి సాక్ష్యమైనా తీసుకుందామని నేను పట్టుబట్టి ఆవిణ్ణి ఆఫీసుకు పిలిపించాను. ఆవిడ గ్రీజు చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఆవరణలోనే జాకీ పెట్టి చక్రం పైకి లేపి, చేత్తో ఒక తిప్పు తిప్పింది. అది తిరిగి తిరిగి, వెనక్కూ ముందుకూ ఊగి, ఒకేచోట ఆగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"బరువు కిందికి లాగతా ఉందయ్యా, చూడండి. దీనికి సంఘం ఎందుకు, సీసం కావాలి గాని," అంది.

పరాంకుశం గారు ఆవిడ విద్యార్హత అడిగారు. తొమ్మిదో తరగతి అంది. సాక్ష్యాన్ని పరిగణించడానికి వీలుపడలేదు. జాకీ పెట్టినందుకు, సాక్ష్యాన్ని తాకరాదన్న ఉత్తర్వును ఉల్లంఘించినట్టవుతుందా అన్న చర్చ కూడా కొంత జరిగింది. ఆవిడ ఆ చర్చ పూర్తిగా వినకుండానే వెళ్ళిపోయింది.

ఆ రాత్రంతా ఆలోచించారేమో, మర్నాడు పరాంకుశం గారు వెలిగిపోతూ వచ్చారు. కారు అరవై మీద వెళ్తూ, ఎదురుగాలి ఇరవై మీద వస్తే, కారుకు తగిలే వేగం ఎనభై అవుతుంది. నిబంధనా చెడదు, ప్రయోగమూ జరుగుతుంది. ఉప్పు ఆరడం గాలి మీద ఆధారపడుతుంది గనుక గాలి వేగం కొలిచే సాధనం మా దగ్గర ఎలాగూ ఉంది. హైవే సముద్రానికి సమాంతరంగా పోతుంది కాబట్టి అది పనికిరాదు. సముద్రానికి ఎదురుగా పోయే కొత్తపట్నం రోడ్డు కావాలి.

నాలుగు రోజులు గాలి కోసం ఎదురు చూశాం. ఐదో రోజు మధ్యాహ్నం తీరం దగ్గర నిలబడ్డ మనిషి ఫోను చేసి, ఇరవై అని చెప్పాడు. మేం అరవై మీద సముద్రం వైపు బయల్దేరాం. పరాంకుశం గారు స్టీరింగు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు.  తీరం వచ్చింది. వణుకు రాలేదు.

"ఎనభై కిలోమీటర్ల వేగమందు వాహనములో కంపనము లేదని ప్రయోగపూర్వకముగా నిరూపితమైనది," అని చెప్పి పరాంకుశం గారు నాతో రాయించారు. "అయినను డ్రైవరు కంపనమును అనుభవించినట్లు చెప్పుచున్నందున, అట్టి కంపనము డ్రైవరునందే ఉండవలెను."

అంకమరావును ప్రభుత్వ డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ అతన్ని చేతులు చాపమంది. వేళ్ళ మీద కాగితం పెట్టింది. కాగితం కదల్లేదు. యాభై తొమ్మిదేళ్ళ వయసులో ఇంత నిలకడైన చేతులు చూడలేదని చెప్పి, అలాగే రాసిచ్చింది. సంఘం ఆ ధ్రువపత్రాన్ని తిప్పి పంపుతూ, ఈ పరీక్ష ఏ వేగంలో జరిపారో తెలుపవలసిందని కోరింది. ఆసుపత్రి కదలదని డాక్టరు జవాబు రాసింది. కనుక ధ్రువపత్రం నిశ్చల స్థితికే వర్తిస్తుందని సంఘం తీర్మానించింది.

అంకమరావు తప్పుడు నివేదిక ఇచ్చాడనీ, తగిన చర్య తీసుకోవాలనీ నలభై రెండు పేజీల నివేదిక తయారైంది. దాన్ని స్వయంగా వచ్చి సమర్పించమని ప్రధాన కార్యాలయం పిలిచింది. తగిన చర్య అంటే సస్పెన్షను అని మాకందరికీ తెలుసు. సస్పెన్షనులో ఉండగా రిటైరైతే పింఛను ఎన్నేళ్ళకు తేలుతుందో కూడా తెలుసు. అంకమరావుకు చెప్పాను. అతను కారు అద్దం తుడుస్తూ విన్నాడు.

"నన్ను దొంగ అన్నా పడతా సార్," అన్నాడు. "బండి సంగతి నాకు తెలవదంటేనే కష్టంగా ఉంది."

ఆ నివేదికను విజయవాడ తీసుకెళ్ళడానికి మాకున్నది ఆ ఒక్క కారే. దాన్ని నడపడానికి ఉన్నది అంకమరావే.

సమావేశం పదకొండింటికి. డైరెక్టరు గారి పూజ అయ్యేసరికి తొమ్మిది దాటింది. ఆయనా, పరాంకుశం గారూ వెనక కూర్చున్నారు. నేను ముందు కూర్చుని ఒళ్ళో నివేదిక పెట్టుకున్నాను. అంకమరావు అరవై మీద పెట్టి, అక్కడి నుంచి ముల్లు కదలనివ్వలేదు. మేదరమెట్ల దగ్గర కామాక్షయ్య గారు గడియారం చూసుకున్నారు. అద్దంకి అడ్డరోడ్డు దాటాక మళ్ళీ చూసుకుని, కొంచెం తొందరగా పోనివ్వమన్నారు.

"అరవై సార్ రూలు," అన్నాడు అంకమరావు. మాటలో ఎకసెక్కం లేదు. "కాగితం మీద రాసిస్తే పోనిస్తా."

 రాసివ్వడానికి వీల్లేదని మా నలుగురికీ తెలుసు. చివరికి పరాంకుశం గారు బ్యాగులోంచి నిబంధనల పుస్తకం తీసి పద్నాలుగో నిబంధన మళ్ళీ చదివారు. మండలి డ్రైవరు నడపరాదు అని ఉంది. డ్రైవరు అన్నది ఒక ఉద్యోగ హోదా. డైరెక్టరు ఆ హోదాలోకి రారు. కామాక్షయ్య గారికి లైసెన్సు ఉంది. ఒకప్పుడు సొంత కారు నడిపినవారే.

కారు ఆగింది. అంకమరావు దిగి, తాళం ఇచ్చే ముందు ఎడమ చక్రం వైపు చూపించి, వద్దు సార్ అన్నాడు. కామాక్షయ్య గారు, కంపనం లేదని నిరూపితమైంది కదయ్యా అన్నారు. అంకమరావు వెనక సీట్లోకి వెళ్ళి, రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు వంగి కూర్చున్నాడు.

డెబ్బై దాకా హాయిగా ఉంది. డెబ్బై ఎనిమిది దగ్గర స్టీరింగు సన్నగా మొదలుపెట్టింది. ఎనభై ఐదుకు డైరెక్టరు గారి మోచేతులు, ఆ తర్వాత బుగ్గలు, ఆ తర్వాత కళ్ళజోడు కదలసాగాయి. నా ఒళ్ళో నలభై రెండు పేజీలూ టపటపా కొట్టుకున్నాయి.

"ఏమైనా తెలుస్తోందా సార్?" అని పరాంకుశం గారు వెనక నుంచి అడిగారు. ఆయన సీటు కదలడం లేదు. ఆయనకు తెలిసే అవకాశం లేదు.

"ఏ-ఏ-మీ లే-లే-దు," అన్నారు కామాక్షయ్య గారు.

మార్టూరు దాటిన తర్వాత, గ్రానైటు రాళ్ళు వేసుకుపోతున్న లారీని దాటుతుండగా టైరు పేలింది. బాంబు పడ్డట్టయింది. కారు ఎడమకు, లారీ చక్రాల వైపు లాగింది. కామాక్షయ్య గారి కాలు బ్రేకు మీదికి వెళ్తుండగా అంకమరావు చెయ్యి ఆయన భుజం మీద పడింది.

"బ్రేకు తొక్కొద్దు సార్. కాలు తీసెయ్యండి. స్టీరింగు గట్టిగా పట్టుకోండి, తిప్పొద్దు. నేనున్నా. అట్టాగే పోనీండి. అట్టాగే. తగ్గతా ఉంది. లారీని ముందుకు పోనీండి. ఇప్పుడు నిదానంగా పక్కకి."

బిడ్డకు అన్నం తినిపించేటప్పుడు మాట్లాడే గొంతు అది. కారు రోడ్డు పక్కన తుమ్మచెట్ల దగ్గర ఆగింది. ఇంజను ఆగాక కూడా కామాక్షయ్య గారు స్టీరింగు వదల్లేదు. అంకమరావు ముందు తలుపు తెరిచి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, కిందికి దించి, నీళ్ళు తాగించాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి స్టెప్నీ బిగించాడు. మిగతా దారంతా అతనే నడిపాడు. అరవై మీదే. ఎవరూ గడియారం చూసుకోలేదు.

ఆ రోజు నివేదిక సమర్పించలేదు. టైరు పేలిన సంగతి మీద ముందు ప్రమాద నివేదిక కావాలన్నారు. అందులో "ప్రమాద సమయమందు వేగము" అని ఒక గడి ఉంది. మర్నాడు పొద్దున కామాక్షయ్య గారు ఆ గడి ముందు రెండు గంటలు కూర్చున్నారు. ఆయన అబద్ధం రాయరు. నిజం రాసి ఎనభై దాటానంటే, అక్కడ కంపనం ఉందని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. చివరికి "మీటరు ఎనభై ఎనిమిది చూపినది" అని రాశారు.

ఆ వాక్యాన్ని పట్టుకుని ప్రధాన కార్యాలయం అందరినీ గట్టెక్కించింది. అంత ఉన్నతాధికారి అరవై దాటి నడుపుతారని నమ్మడానికి వీల్లేదు. మీటరు ఎనభై ఎనిమిది చూపిందంటే మీటరే చెడిపోయి ఉండాలి. అలాగైతే డ్రైవరు ఎనభై అనుకున్నదీ ఎనభై కాదు, అతను నిబంధనా మీరలేదు, అబద్ధమూ ఆడలేదు. పరాంకుశం గారు అంకమరావును పిలిచి మీటరు గురించి అడిగారు. నేను ముందే అతని చేతులు పట్టుకుని, చెడిపోయిందను, నీ పింఛను నీకొస్తుంది అని బతిమాలాను.

"మీటరు బాగానే ఉందండి," అన్నాడు అంకమరావు.

పరాంకుశం గారు ఎంతో సంతోషించారు. డ్రైవరు చెడిన మీటరును ఇప్పటికీ చిత్తశుద్ధితో నమ్ముతున్నాడు కనుక అతనిలో దురుద్దేశం లేదని రాశారు. వారం తిరిగేలోగా ఉత్తర్వులొచ్చాయి. మీటరును చదువుటయందు మోసపోయిన డ్రైవరును నిర్దోషిగా ప్రకటించడమైనది. మీటరుపై విచారణ ముగియువరకు దానిని గుడ్డతో కప్పి లక్కముద్ర వేయవలెను. చక్రములు సరిచేయించుకొనవచ్చును.

చక్రాలు సలోమి కొట్లో సరిచేయించాం. పావుగంట కూడా పట్టలేదు. మీటరు మీద ఎర్రగుడ్డ కప్పి నేనే ముద్ర వేశాను. అంకమరావు పక్కన నిలబడి చూశాడు. ఉత్తర్వు కాపీ ఇస్తే చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు నడిపినోడికి మీటరు చదవడం రాదని తేల్చారు," అన్నాడు. ఉద్యోగం నిలిచినందుకు నేను సంతోషించాను గాని, అతని మొహం చూస్తూ పైకి ఆ మాట అనలేకపోయాను.

రెండు వారాల తర్వాత గుంటూరులో పని పడింది. కామాక్షయ్య గారు ఎప్పుడూ లేనిది ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. కారు నీళ్ళ మీద పడవలా పోతోంది. ఎంత వేగమో ఎవరికీ తెలియదు.  చిలకలూరిపేట బైపాసు మీద ఆయన రోడ్డు వైపే చూస్తూ నోరు విప్పారు.

"వణికింది, అంకమరావూ. మొదటి నుంచీ వణుకుతూనే ఉంది. నాకు తెలుసు."

 అంకమరావు ముందున్న బస్సును దాటాడు. తర్వాత, "అవును సార్," అన్నాడు. అంతే. కాని అతని భుజాలు, ఇన్ని నెలలుగా నేను చూడని విధంగా, కిందికి దిగి సీటుకు ఆనుకున్నాయి.

డైరెక్టరు గారు ఏం మాట్లాడినా రాసుకోవడం నాకు అలవాటు. పుస్తకం తెరిచి, కలం టోపీ తీశాను. కామాక్షయ్య గారు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. నేను టోపీ మళ్ళీ పెట్టేశాను.